పట్టికను అడుగునుంచి రాసిన మూర్తి సార్

ఆ మంగళవారం పొద్దున కోఠిలోని మా పాత పుస్తకాల దుకాణం షట్టరు సగం ఎత్తానో లేదో, ఫోను మోగింది. మూర్తి సార్ భార్య శారదమ్మగారు. "నరసింహా, మీ సార్ వెళ్ళిపోయారయ్యా" అన్నారు. నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ముందురోజు సాయంత్రమే దవాఖానకు పోయి చూసి వచ్చాను. మంచం మీద కూర్చుని, ఇడ్లీ రాయిలా ఉందని నర్సుతో తగువు పెట్టుకుంటున్నారు. తగువాడే మనిషికి ఏమీ కాదులే అని ధీమాగా ఇంటికి వచ్చిన మూర్ఖుణ్ణి నేను. షట్టరు అట్లాగే వదిలేసి మెట్ల మీద కూలబడ్డాను. ఎనభై ఒక్క ఏళ్ళు నిండిన మనిషి మరణాన్ని అకాలమని లోకం అనదు. నాకు మాత్రం అది అకాలమే.

ఆట తెలిసినవాళ్ళకు ఇనగంటి సత్యమూర్తిగారిని పరిచయం చేయనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నగర ఫుట్‌బాల్ లీగుకు ముప్పై ఏళ్ళకు పైగా గౌరవ కార్యదర్శి. నాంపల్లిలో పుట్టిన మా స్టేషన్ రోడ్ ఎలెవన్ జట్టుకు స్థాపకులు, శిక్షకులు, అవసరం పడితే జెర్సీలు ఉతికి ఆరేసే మనిషి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, తెనాలి నుంచి సర్కారు కొలువు మీద వచ్చిన తండ్రి చేయి పట్టుకుని నాంపల్లి స్టేషనులో దిగారు. ఆ రైలుకూత వినబడే దూరం దాటి ఎన్నడూ కాపురం పెట్టలేదు. మాట మాత్రం చివరిదాకా తెనాలిదే. నేను నల్లగొండ పక్క పల్లె నుంచి కూలికి వచ్చిన ఇంటివాణ్ణి. ఆయన "ఏవిటయ్యా" అంటే నేను "ఏంది సార్" అనేవాణ్ణి. ఒకరి యాస మీద ఒకరం నవ్వుకుంటూనే ఇరవై ఐదేళ్ళు గడిపాం.

మూడో రోజున, గురువారం, ఆబిడ్స్‌లో సంతాపసభ పెట్టారు. అక్కడ జరిగినది చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. ఈ ఏడు పట్టికలో మా జట్టు అట్టడుగున నిలిచింది. లీగు నియమం ప్రకారం అడుగున నిలిచిన జట్టు రెండో డివిజనుకు దిగాలి, అక్కడ గెలిచిన జట్టు ఆ చోటుకు ఎక్కాలి. ఈసారి గెలిచినది కాచిగూడ జట్టు. లీగు అధ్యక్షులవారు సార్ పటానికి దండ వేసి, మైకు అందుకుని అన్నారు: "మూర్తి సార్ జట్టును, ఆయన పోయిన ఏడే కిందికి తోసుడు మనకు మర్యాద కాదు. ఆయన యాదిల ఈ ఏడు దించుడు లేదు, ఎక్కించుడు లేదు. ఆదివారం కమిటీల తీర్మానం చేద్దాం." హాలంతా చప్పట్లు.

నేనూ కొట్టాను. ఆ జట్టుకు ఇప్పుడు మేనేజరును నేనే. మా కుర్రాళ్ళకు నెలనెలా జీతమిచ్చే మందుల కంపెనీ, మొదటి డివిజనులో ఉన్నంత కాలమే ఇస్తానని ముందే ఖరాఖండిగా చెప్పింది. జట్టు దిగితే పదహారు ఇళ్ళలో పొయ్యి మాట ఏమిటి? కొట్టక ఏం చేస్తాను? ఇంటికి వచ్చి స్నానం చేస్తుంటే తట్టింది. ఆ మహనీయుణ్ణి గౌరవిస్తున్నామనుకుంటూ, ఆయన జీవితమంతా కంటికి రెప్పలా కాపాడిన నియమాన్ని ఆయన పటం ముందే పాతిపెట్టాం.

నాంపల్లిలో స్టేషనుకు ఎదురు సందులో, ఒక జిరాక్సు దుకాణం మీది గది మా లీగు కార్యాలయం. ప్రతి సోమవారం ఆయన అక్కడి నల్లబల్ల మీద పాయింట్ల పట్టికను స్వహస్తంతో రాసేవారు. లోకమంతా పట్టికను పైనుంచి కిందికి రాస్తుంది. మూర్తి సార్ అడుగునుంచి పైకి రాసేవారు. స్టూలు వేసుకుని, ఆఖరి జట్టు పేరును ముత్యాల్లాంటి అక్షరాలతో తీర్చిదిద్ది, అక్కడినుంచి ఒక్కొక్క వరుసే పైకి వచ్చేవారు. ఛాంపియన్ల పేరు దగ్గరికి వచ్చేసరికి చేయి నొప్పి పుట్టి అక్షరాలు వంకరలు పోయేవి. వాళ్ళు అలిగేవాళ్ళు. "మొదటివాడి పేరు ఊరంతా చెప్పుకుంటుందయ్యా. ఆఖరివాడి పేరు మనం కూడా సరిగ్గా రాయకపోతే ఎలా?" అనేవారు. పట్టిక వాట్సాప్‌లో వచ్చే ఈ రోజుల్లో కూడా ఆయన ఆ బల్లను వదల్లేదు.

ఆయన నిష్ఠ ఎంత కఠోరమైనదో మా జట్టు మొదటిసారి దిగిన ఏడు నాకు తెలిసివచ్చింది. అప్పుడు నేను కెప్టెన్ని, గోల్‌కీపర్ని. ఆఖరి ఆటలో నా చేతుల్లోంచి జారిన బంతే మమ్మల్ని అడుగుకు తోసింది. అప్పట్లో మాకు జీతాలిచ్చేది ఒక సబ్బుల కంపెనీ, దానిదీ ఇదే షరతు. కమిటీలో సగం మంది సార్ స్నేహితులే. ఈ ఒక్క ఏడు ఎవరినీ కదిలించవద్దని వాళ్ళే ముందుకొచ్చారు. ఆయన ఊఁ అంటే చాలు. అనలేదు. నేను నాంపల్లి గదికి పోయి, చెప్పులు కూడా విడవకుండా మీద పడ్డాను.

"ఏంది సార్ గిది? మా పొట్ట మీద కొడుతున్నరు. మీ జట్టును మీరే ముంచుతరా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నరసింహా, చాదర్‌ఘాట్ జట్టు ఏడాదంతా ఆడి కింది డివిజను గెలిచింది. వాళ్ళలో వెల్డింగుకి పోయేవాళ్ళున్నారు. పగలంతా మూటలు మోసి సాయంత్రం ఆడేవాళ్ళున్నారు. వాళ్ళకి పొట్టలు లేవా?"

"వాళ్ళను ఎక్కించుండ్రి, మమ్మల్ని గూడ ఉంచుండ్రి. ఏం పోతది?"

"గ్రౌండు మనకి దొరికేదే కొన్ని రోజులు. ఇంకో జట్టు పట్టదు. పట్టినా, ఈ ఏడు నిన్ను మిగిలిస్తే పై ఏడు ఇంకోడు వచ్చి ఇలాగే నా ముందు నిలబడతాడు. వాడికేం చెప్పను, నరసింహ నా శిష్యుడు, నువ్వు కాదు అనా?"

జవాబు లేనివాడికి కోపమెక్కువ. తలుపు దబాలున వేసి వచ్చేశాను.

అది చాలదన్నట్టు మా లీగులో ఒక ఆచారం కూడా ఉంది. దిగిన జట్టు కెప్టెన్, ఎక్కిన జట్టు కెప్టెన్‌ను నాంపల్లిలోని ఇరానీ హోటలుకు పిలిచి చాయ్ తాగించాలి. "మా జాగ మీది, మంచిగ ఆడుండ్రి" అని నోటితో చెప్పాలి. సార్ మధ్య కుర్చీలో కూర్చుంటారు. ఆ మాట నేను కప్పులోకి చూస్తూ గొణిగాను. "వినబడలేదయ్యా" అని మళ్ళీ చెప్పించారు. చాదర్‌ఘాట్ కెప్టెన్ నాకంటే ఎక్కువ సిగ్గుపడి, తన బిస్కెట్ విరిచి సగం నా సాసర్‌లో పెట్టాడు. అది తినలేదు నేను. ఆ రోజు మూర్తి సార్‌ను మనసారా ద్వేషించానని రాయడానికి ఇప్పుడు నాకు సంకోచం లేదు.

అనుకున్నట్టే కంపెనీ చేతులెత్తేసింది. నేను కోఠిలో ఈ దుకాణంలో చేరాను. నా భాషకు కాస్త సంస్కృతం అబ్బిందంటే అది ఈ పాత పుస్తకాల దుమ్ము చలవే. మా డిఫెండర్ ఐలయ్య మాత్రం మళ్ళీ బూటు కట్టలేదు. ఆటో నడుపుతూ ఆటకు పూర్తిగా దూరమైపోయాడు. కాలు అడ్డం పెట్టాడంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే, అలాంటి ఆటగాడు. ఆ పాపం మూర్తి సార్‌దే అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. అందులో నిజం లేదని ఇప్పటికీ అనను.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఆయన మా దుకాణానికి వచ్చారు. ఏదో నిఘంటువు తిరగేస్తున్నట్టు నటించి, పుస్తకం మూసి అన్నారు: "నియమం తప్పు కాదు నరసింహా. ఐలయ్య విషయంలో తప్పు నాది. ఓడినవాణ్ణి దింపడం న్యాయం. దింపి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. అది నాకు ఆలస్యంగా తెలిసింది." అరవై దాటిన గురువు, నా ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే నేనేమనగలను? స్టూలు వేసి కూర్చోబెట్టాను. "సోమవారం నుంచి ప్రాక్టీసు" అని చెప్పి లేచారు. పోయాను. రెండేళ్ళకు మళ్ళీ పైకి ఎక్కాం.

ఆనాటి నుంచి ప్రతి సీజను చివరా, దిగిన జట్టు ఏదైనా సరే, ఆయన గొడుగు పట్టుకుని ఆబిడ్స్ దుకాణాలన్నీ తిరిగేవారు. బట్టల దుకాణం, బూట్ల దుకాణం, సూట్‌కేసుల దుకాణం, ఏదీ వదిలేవారు కాదు. "ఈ అబ్బాయి రైట్ వింగ్ ఆడతాడండీ. మీ గోడౌనుకీ కౌంటరుకీ మధ్య పరుగెత్తడానికి ఇంతకంటే మనిషి దొరకడు" అని సేటులకు నచ్చజెప్పేవారు. సాయంత్రం ఆటకు వదలాలని షరతు కూడా ఆయనే పెట్టేవారు. కొలువు అడగడానికి వచ్చి షరతులు పెట్టే పెద్దమనిషిని చూసి నవ్వి, చాలామంది ఒప్పుకునేవాళ్ళు. ఐలయ్యను వెతుక్కుంటూ కూడా ఎన్నోసార్లు పోయారు. అతను రాలేదు. ఆ దిగులు సార్‌కు కడదాకా పోలేదు.

రెండేళ్ళ కింద ఒక పత్రికా విలేకరి అమ్మాయి వచ్చింది. టీవీలో వచ్చే మన దేశపు పెద్ద పెద్ద లీగుల్లో ఆఖరున నిలిచిన జట్టు మళ్ళీ ఏడాది అదే చోట ఆడుతుంది కదా, అది మంచిదా, మీ పద్ధతి మంచిదా అని అడిగింది. నేను పక్కనే ఉన్నాను. "ఓడినా కుర్చీ కదలదని తెలిస్తే, సీజను చివర్లో ఆ జట్టు ఎవరికోసం ఆడుతుందమ్మా?" అన్నారు. ఆ అమ్మాయి ఊరుకోలేదు. "పెట్టుబడి పెట్టినవాళ్ళు నష్టపోరా, ఆటగాళ్ళ బతుకులు ఏం కావాలి?" అని నిలదీసింది. సార్ ముఖం వెలిగిపోయింది. ఎదురు మాట్లాడేవాళ్ళంటే ఆయనకు ప్రాణం. "మంచి ప్రశ్న. బతుకులు చూడాల్సిందే. దానికి వేరే ఏర్పాటు చెయ్యాలి, అది లీగు బాధ్యత. కానీ కిందివాడు ఎంత ఆడినా పైకి రాలేడంటే, వాడు బంతి తన్నడం దేనికి? అడుగున ఉండటం అవమానం కాదమ్మా. ఇంకొకడి చోటులో కూర్చుని లేవకపోవడం అవమానం." పత్రికలో అదంతా రాలేదు, ఫోటో మాత్రం వేశారు.

అట్లాంటి మనిషి స్మృతికి మేం ఇవ్వబోయిన కానుక అది. శుక్రవారం శారదమ్మగారి దగ్గరికి పోయి, సభలో జరిగినది చెప్పాను. "అది ఆయన సంతాపసభ కాకపోయుంటే, మధ్యలోనే లేచి వచ్చేసేవారు నాయనా" అన్నారావిడ. ఆ దుఃఖంలోనూ ఇద్దరికీ నవ్వు వచ్చింది. "నన్ను అడక్కు. పిల్లల జీతాల సంగతి నువ్వు చూసుకోవాలి, నేను కాదు" అని మళ్ళీ అన్నారు. ఆ మాటా నిజమే.

శనివారం పొద్దున గ్రౌండులో కుర్రాళ్ళను కూర్చోబెట్టి, తీర్మానం వద్దని చెప్పబోతున్నానన్నాను. కెప్టెన్ సలీం లేచాడు. పెళ్ళయినవాడు, చంటిపిల్ల తండ్రి.

"సభల మీరు గూడ చప్పట్లు కొట్టిన్రు గదా అన్నా?"

"ఔ, కొట్టిన. తప్పు చేసిన."

"మీకు దుకాణం ఉన్నది. మాకేమున్నది?"

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. సార్ తిరిగినట్టే దుకాణాలన్నీ నేనూ తిరుగుతాను, పదహారు మందికీ పని దొరికేదాకా ఆగను అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు, సార్‌కు ఉన్న పలుకుబడి నాకు లేదని. సలీం కూర్చుని గడ్డి పీకసాగాడు. తర్వాత తల ఎత్తకుండానే చెప్పాడు: "కాచిగూడ జట్టు గోల్‌కీపర్ మా గల్లీలనే ఉంటడు. సభల మాట బయటికొచ్చినప్పటి సంది, సలాం కొడితే జవాబిస్తలేడు. నాకు అది మంచిగ అనిపిస్తలేదు. చెప్పుండ్రి అన్నా, వద్దని చెప్పుండ్రి." మిగతావాళ్ళలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టను.

ఆదివారం కమిటీలో నేను లేచి వద్దన్నాను. అధ్యక్షులవారు నొచ్చుకున్నారు. "సార్ పేరు మీద ఇస్తుంటే కాదంటవా నరసింహా?" అన్నారు. "సార్ పేరు మీద ఇయ్యాలంటే సార్ తీసుకునేది ఇయ్యాలె" అన్నాను. వాదన జరిగింది, గొంతులు లేచాయి. చివరికి తీర్మానం వీగిపోయింది. కాచిగూడ ఎక్కింది, మేం దిగాం. దిగిన జట్టు ఆటగాళ్ళకు పని చూపించడం ఇకమీదట లీగు కర్తవ్యమని ఇంకో తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించారు. ఇన్నాళ్ళూ ఒక ముసలాయన గొడుగు పట్టుకుని ఒంటరిగా చేసిన పని అది. ఆయన బతికుండగా మాకెవరికీ ఆ బుద్ధి పుట్టలేదు.

ఇది రాస్తున్న ఇవాళ్టికి తొమ్మిది మందికి పని దొరికింది, ఏడుగురికి దొరకలేదు. వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకడు నిన్న తిరిగి వచ్చాడు. ఆబిడ్స్‌లో నేను ఏ దుకాణం మెట్లెక్కినా, "మూర్తిగారు రాలేదా?" అని అడుగుతున్నారు. చెప్పలేక చెబుతున్నాను. ఆయన లేని మా మొదటి సీజను రెండో డివిజనులో మొదలవుతుంది. గురువుగారికి ఇంతకు మించిన గౌరవం చేయడం మాకు చేతకాలేదు.