కండక్టరుగారి గుర్రపుపిల్ల

ముప్పైరెండేళ్ళు బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి రిటైరయ్యాకైనా హాయిగా కూర్చోవాలా, వద్దా? మన కండక్టరుగారు కూర్చోలేదు. పందేల్లో మోకాలు దెబ్బతిని, ఎవరికీ అక్కర్లేకుండా పోయిన ఓ మేలుజాతి ఆడగుర్రాన్ని ఇంటికి తీసుకొచ్చారు. పెరట్లో సామాన్ల షెడ్డు ఖాళీ చేసి, గడ్డి పరిచి, దాన్ని లాయం అన్నారు. ఇక అక్కడే కాపురం.

ఇంట్లో ఆ గుర్రాన్ని పెద్దమ్మాయి అనేవారు. దాని తండ్రి, తాత, ముత్తాత ఏ పందెంలో ఎవరిని ఓడించారో ఏడు తరాల చరిత్ర ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. సొంత ముత్తాత పేరేమిటని అడిగితే మాత్రం బుర్ర గోక్కునేవారు.

"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఈ కుంటిదానికి దాణాతో పాటు మీ వంతు బాదంపప్పులు కూడానా?" అని భార్య దెప్పేది. దెప్పితే దెప్పింది గానీ, పొద్దున్నే దాని జూలు దువ్వేది ఆవిడే. ఆవిడ చేతికి తప్ప అది ముక్కు అందించేది కాదు.

ఆయనకున్నది ఒకటే కోరిక. ఆ రక్తంలో ఉన్న పరుగు ఈ లాయంలో ఆగిపోకూడదు. రెండుసార్లు లారీ ఎక్కించి మంచి మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళారు. రెండుసార్లూ చూలు నిలవలేదు. మూడోసారి నిలిచింది! పశువుల డాక్టరమ్మ చూసి, "వయసు మీదపడింది బాబాయ్‌గారూ, దీనికి ఇదే ఆఖరి కాన్పు" అని ముందే చెప్పేసింది. పదకొండు నెలలు ఆయన కళ్ళలో వత్తులు వేసుకుని కాచుకున్నారు.

చివరి వారం లాయం వదిలితే ఒట్టు. తిండీ అక్కడే, నిద్రా అక్కడే, స్నానం ఊసే లేదు. చివరికి ఓ ఉదయం భార్య ముక్కు మూసుకుని, "అది ఈనేలోపు నేను పోయేలా ఉన్నాను" అంటూ ఆయన్ని స్నానాలగదిలోకి తోసింది. ఆయన ఒళ్ళు తోముకుని, మెడకూ ఛాతీకీ ఇంత పౌడరు దట్టించుకుని, తువ్వాలు భుజాన వేసుకున్నారో లేదో, పెరట్లోంచి కేక.

"ఏమండోయ్! వచ్చేసింది, రండి!"

ఆయన పరుగెత్తిన పరుగు పెద్దమ్మాయి ముత్తాతకైనా చేతనయ్యేది కాదు. గడ్డి మీద తడితడిగా, కాళ్ళే తప్ప ఒళ్ళు లేనట్టు, ఓ ఆడపిల్ల! "దిగింది! క్షేమంగా దిగిందే!" అని అరుస్తూ దాన్ని వాటేసుకున్నారు. తల్లి పడుకుని రొప్పుతుండగానే, భుజాన ఉన్న తువ్వాలుతో చెవుల నుంచి తోకదాకా పొడిపొడిగా తుడిచేశారు. అంత ముచ్చట ఆయనకు జన్మలో తెలియదు.

పిల్ల నాలుగుసార్లు కూలబడి, అయిదోసారి నిలబడింది. తల్లీ లేచింది. వాసన చూసింది. చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు బయటపెట్టి కరవబోయింది. పిల్ల పొదుగు వైపు వెళితే కాలెత్తి తన్నింది. పాలు పితికి తాగిద్దామంటే పొదుగు మీద చెయ్యి వేయనివ్వదు.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "నేనొచ్చేసరికి ఆలస్యమవుతుంది. రెండు గంటల్లో ముర్రుపాలు పడాలి. పడకపోతే పిల్ల దక్కడం కష్టం. దానికి ఎవరి వాసనైనా అంటిందా?" అంది.

భార్య ఫోను దించి ఆయన దగ్గర ఓసారి, పిల్ల దగ్గర ఓసారి గట్టిగా పీల్చింది. "మీ పౌడరండీ! పిల్ల దగ్గర మీ వాసన వస్తోంది, తల్లి వాసన రావడం లేదు!"

ఆయన నెత్తి బాదుకున్నారు. చేజేతులా! పదకొండు నెలలు కాచి, చివరికి తన చేతులతోనే తల్లినీ బిడ్డనూ విడదీశారు.

ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. పిల్ల పుట్టిన చోట ఉమ్మనీటితో తడిసిన గడ్డి తీసి దాని ఒంటికి బాగా రుద్దింది. తలనొప్పి బామ్ తెచ్చి, ఏ వాసనా తెలియకుండా పెద్దమ్మాయి ముక్కు కింద పూసింది. "ఇక మీరు బయటికి నడవండి."

"నేనా? ఇన్నాళ్ళూ కాచింది నేనేనే!"

"మీరే. వాసన మీ దగ్గరుంది. వెళ్ళండి."

వెళ్ళారు. మూసిన తలుపు ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగారు. లోపల డెక్కల చప్పుడు. మళ్ళీ తన్నిందా? "ఏమైందే? ఏదో ఒకటి చెప్పవే!"

"ఉండండి... ముందుకాళ్ళ మధ్య వెతుకుతోంది. అక్కడ కాదే పిచ్చితల్లీ, వెనక్కి! ఆఁ... వెళ్ళింది. తన్నలేదు! ఏమండీ, ఈసారి తన్నలేదు!"

ఆయన తలుపుకు చెవి ఆనించారు. తలుపు వెనక నుంచి చప్ చప్‌మని చప్పుడు, ఆ వెంటనే గుటక. ఇంకోటి. "తాగుతోంది!" అని గాల్లోకి ఎగిరి, ఎక్కడ బెదురుతుందోనని తన నోరు తానే మూసుకున్నారు.

తలుపు ఓరగా తెరుచుకుంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "రండి, ఒక్కసారి చూసి పోదురుగాని" అంది.

ఆయన గడపదాకా దూకారు. అక్కడే ఆగిపోయారు. ఇన్నేళ్ళ కోరిక రెండడుగుల దూరంలో పాలు తాగుతోంది. ఆయన రెండు చేతులూ చంకల్లో బిగించుకుని ఒకడుగు వెనక్కి వేశారు.

"వద్దులే, తలుపెయ్యి. దాన్ని కడుపునిండా తాగనీ."