దూది కన్ను

మొన్న ఎండాకాలం సెలవులకు కరీంనగర్‌లోని మా ఇంటికి వచ్చిన మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, స్నానాల గదిలోని షాంపూలు, సబ్బులు, బండలు తుడిచే సీసాలు, ఆఖరికి పాయఖానా కడిగే డబ్బాతో సహా అన్నీ వరండాలోకి తెచ్చి వరసగా పేర్చి, వాటి వెనకాల చీమ తలకాయంత అక్షరాలను చదవడం మొదలుపెట్టింది. ఏం వెతుకుతున్నావే అని అడిగితే, జంతువుల మీద పరీక్షలు చేయకుండా తయారైన వస్తువులే ఇకమీదట వాడాలనుకున్నానని, ఈ ఇంట్లో అలాంటిది ఒక్కటీ లేదని చెప్పి, దొంగను పట్టుకున్న పోలీసులా నా మొహంలోకి చూసింది. డిగ్రీ చదివే పిల్ల, పట్టిందంటే వదలదు, ఆ మొండితనం మా అవ్వది, నన్ను కన్న తల్లిది, నా మీదుగా దానికి దిగింది.

ఎండ తగ్గాక ఇద్దరం దుకాణాల మీద పడ్డాం. మా గల్లీ చివర కిరాణా దుకాణమాయన నన్ను ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మనిషి. జంతువుల మీద పెట్టి చూడని షాంపూ ఏదన్నా ఉందా అని నేను అడగ్గానే నన్ను కిందికీ మీదికీ చూసి, "అమ్మా, మా కాడ మనుషులు పెట్టుకునేదే ఉంటది. జంతువులదైతే పశువుల దవాఖాన పక్కపొంటి మందుల షాపుల అడుగుండ్రి" అన్నాడు. మనవరాలు నవ్వాపుకోలేక రోడ్డు మీదికి పోయింది. మందుల షాపులో పిల్లవాడు ఫోన్‌లో నుంచి తల ఎత్తకుండానే లేదన్నాడు. పెద్ద బజారులోని సూపర్ మార్కెట్లో, అరలన్నీ వెతికి వెతికి నా నడుము పట్టేశాక, ఒకే ఒక్క షాంపూ సీసా వెనక గంతులేసే కుందేలు బొమ్మ కనబడింది. ఆ బొమ్మ ఉంటే నమ్మొచ్చట. గిన్నెలు తోమేదానికీ బండలు తుడిచేదానికీ మాత్రం ఎక్కడా ఏ బొమ్మా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు అది నా చెయ్యి పట్టుకొని, "మీ కాలమే మంచిగుండె అమ్మమ్మా. కుంకుడుకాయలు కొట్టుకొని తలకు పోసుకుంటుంటిరి, ఏ జీవికీ బాధ లేకుండె" అంది. అవునే తల్లీ అన్నాను. అన్నానే గానీ, ఆ క్షణం నుంచీ నా మనసు మనసులో లేదు.

మన ఈడు వాళ్లకు పొద్దున లేస్తే ఇదొక పని కదా, కుంకుడుకాయ, వేపపుల్ల, గిన్నెలకు బూడిద, మన రోజులు ఎంత స్వచ్ఛమైనవో అని ఫోన్‌లో ఒకరికొకరు పంపుకోవడం. నేనూ పంపాను, దండం పెట్టే బొమ్మతో సహా. సిగ్గుండాలి నాకు.

మా చిన్నప్పుడు మేము బెల్లంపల్లి దిక్కు బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్లం. గనిలో పైనుంచి బొగ్గు పెళ్ల పడి బాపు కాలు విరిగాక ఆయనకు దిగే పని పోయి పైన కూర్చునే పని మిగిలింది, దాంతోపాటు జీతమూ తగ్గింది. అప్పుడు ఎవరో చెబితే పెరట్లో పాత చెక్కలతో, ఇనుప జాలీతో పెట్టెలు కొట్టి బాపు తెల్ల కుందేళ్లను పెంచడం మొదలుపెట్టాడు. మా అన్న మార్కెట్లో పారేసిన గోబీ ఆకులు, వాగు ఒడ్డున గరిక తెచ్చేవాడు, అవ్వ పెట్టెలు కడిగేది. పొద్దున్నే తడి గుడ్డతో వాటి కళ్ల పుసి తుడవడం నా పని. ఎందుకంటే హైదరాబాద్ నుంచి రైల్లో బుట్టలు పట్టుకొని వచ్చే కుందేళ్ల సేటు మొట్టమొదట చూసేది కళ్లనే. ఒక్కోదాన్ని వెలుతురుకు ఎత్తి, బొటనవేలితో రెప్ప లేపి, పుసి ఉన్నా, నీరు కారుతున్నా, రెప్ప వాచినా పక్కన పెట్టేసేవాడు. కొన్నాళ్లకు ఆయన రాకముందే నేనే చూసి ఏరి పెట్టడం నేర్చుకున్నాను, నేను ఏరినదాన్ని ఆయన కాదన్నది లేదు. "గీ పోరి చూస్తే డాక్టర్ చూసినట్టే" అని బాపుతో అనేవాడు. అప్పుడు నేను ఎంత పొంగిపోయేదాన్నో చెబితే ఇప్పుడు నవ్వొస్తుంది, నవ్వు వెనకే ఏడుపూ వస్తుంది.

ఆయన చెడ్డవాడేమీ కాదు, మాకు బిస్కెట్లు తెచ్చేవాడు. ఒకసారి బిస్కెట్ నములుతూ, కళ్లే ఎందుకు చూస్తావు సేటూ అని అడిగాను. వాన పడుతుందా లేదా అన్నంత మామూలుగా చెప్పాడు. "సబ్బులు, షాంపూలు చేస్తరు గదా బేటా, అవి ముందుగాల వీటి కంట్ల ఒక్క చుక్క ఏసి చూస్తరు. వీటికేం గాకుంటే మనకు గూడ ఏం గాదు." అవ్వతో చెబితే, "నీకెందుకే గా ఫికరు? మనం పెంచుడు, వాళ్లు కొనుడు. పో, గడ్డి ఎయ్యిపో" అని కసిరింది. ఇప్పుడు అవ్వను తప్పు పట్టబుద్ధి కాదు, ఇంట్లో పొయ్యి రెండు పూటలా వెలగాలి కదా. నేనూ రెండు రోజులు దిగులుపడి మళ్లీ గుడ్డ తడిపి కళ్లు తుడవసాగాను.

ఆ రోజుల్లోనే ఒక ఈతలో పుట్టిన పిల్లకు మాత్రం నేను దూది అని పేరు పెట్టుకున్నాను. బడి నుంచి రాగానే పెట్టెలో నుంచి తీస్తే నా లంగాలో ముడుచుకొని పడుకునేది, నా వేళ్లు నాకేది, నేను లేస్తే వెంట గెంతుకుంటూ వాకిలి దాకా వచ్చేది. అది ఎదిగి అమ్మే ఈడుకు వచ్చిందని, వచ్చే ఆదివారం సేటు తీసుకుపోతాడని తెలిసిన రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. బాపును అడిగే ధైర్యం లేదు. కుంటుకుంటూ పెట్టెలు మోసే మనిషిని, ఒకదాన్ని నాకు వదిలెయ్యమని ఏ నోటితో అడగను?

ఆదివారం అంటే మా ఇంట్లో తలస్నానాల రోజు. అవ్వ కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో పిసికి చిక్కటి రసం తీసి పెట్టేది. ఆ రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? తల మీద చెంబు పడుతూనే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేవాళ్లం, సాయంత్రం దాకా కళ్లు మంకెన పువ్వుల్లా ఉండి, మర్నాటికల్లా మామూలైపోయేవి. నా పిచ్చి బుర్రకు అక్కడే ఉపాయం తట్టింది. కన్ను ఎర్రబడి నీరు కారితే సేటు వద్దంటాడు, పొద్దు గూకేసరికి నాకు తగ్గినట్టే దానికీ తగ్గిపోతుంది అనుకున్నాను.

అవ్వ నీళ్లు తోడుతుండగా ఇంకా పలచన చేయని ఆ రసంలో లంగా అంచు ముంచుకొని పెరట్లోకి పోయాను. ముందు మిగతావాటి కళ్లన్నీ రోజూలాగే శుభ్రంగా తుడిచాను. తర్వాత దూదిని ఒళ్లో పెట్టుకుంటే, ఎప్పటిలా ముడుచుకుంది. రెప్ప లేపి ఆ లంగా అంచు పిండాను. కుందేలుకు అంత గొంతు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పసిపిల్ల కేక పెట్టినట్టు అరిచింది, తన్నుకుంది. నేను దాని కాళ్లు గట్టిగా అదిమి పట్టుకున్నాను. నీ మంచికేనే, నీ మంచికేనే అని ఏడుస్తూనే పట్టుకున్నాను.

సేటు వచ్చి, రెప్ప లేపి, "గిది వద్దు" అని పక్కన పెట్టాడు. మిగతావన్నీ బుట్టల్లోకి పోయాయి. నేను గెలిచాననుకున్నాను.

మర్నాటికి తగ్గలేదు. మనకైతే చెంబుడు నీళ్లు కొట్టి కొంగుతో అద్దే తల్లి పక్కనే ఉండేది, దాని కంట్లో నుంచి ఆ రసం కడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అది కాళ్లతో ఒకటే గీరుకునేది. బాపు చూసి, పక్కదాని గోరు తగిలి ఉంటుందన్నాడు. అవ్వ ఎదురు క్వార్టర్ బాలింతను అడిగి చనుబాలు తెచ్చి చుక్కలు వేసింది. అంత పనిలో అవ్వ ఆ చిన్న ప్రాణి కోసం బతిమాలి పాలు తెస్తుంటే, పక్కనే నిలబడి కూడా నేను నోరు విప్పలేదు. కొన్నాళ్లకు ఆ కంట్లో పువ్వు వేసి చూపు పోయింది. ఒంటికన్ను కుందేలును ఎవరూ కొనరు కాబట్టి, సేటు రావడం మానేసి, దాని పెట్టె ఒక్కటి తప్ప మిగతావన్నీ పొయ్యిలోకి పోయిన తర్వాత కూడా దూది మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

కాలం మారింది, కాదనను. ఇప్పటి పిల్లలు దుకాణంలో నిలబడి మొహమాటం లేకుండా అడుగుతున్నారు, దొరక్కపోతే ఎండలో ఇంకో దుకాణానికి నడుస్తున్నారు. మన రోజుల్లో అడిగేవాళ్లు లేరని సరిపెట్టుకుందామంటే నాకు ఆ దారీ లేదు. నేను అడిగాను, జవాబు విన్నాను, విన్న తర్వాత కూడా ఒక్కదాన్ని దాచుకొని మిగతావాటిని కళ్లు తుడిచి మరీ పంపాను. మనవరాలితో ఈ మాట చెప్పాలని నాలుగైదుసార్లు ఫోన్ తీసి, ఏం తిన్నావే అని అడిగి పెట్టేశాను.

దూది మాత్రం చాలా ఏళ్లే బతికింది. అవ్వ పెడితే తినేది, బాపు పెడితే తినేది, ఇరుగుపొరుగు పిల్లల చేతుల్లో నుంచి కూడా తినేది. నేను ఎదురుపడితే పెట్టె మూలకు పోయి గోడకు అతుక్కుపోయేది. దాన్ని ఒక్కసారి నిమరాలని మరీ ప్రాణం కొట్టుకున్నప్పుడు, అడుగుల చప్పుడు కాకుండా, ఆ పువ్వు వేసిన కంటి వైపు నుంచి పోయేదాన్ని. అటువైపు నుంచి పోతే, వచ్చింది నేనని దానికి తెలిసేది కాదు.