మావయ్యగారూ, కాస్త వంగండి

రాయగడలో నేను ఫైరింజను మీద పనిచేస్తాను. గడ్డివాములు, కిరాణా కొట్లు, ఒకసారి ఒక కాగితాల గోదాము. ఇన్నాళ్ళూ నేను ఆర్పిన మంటలన్నీ నేల మీద నిలబడి, గొట్టం పట్టుకుని ఆర్పినవే. అలాంటి నన్ను ఒక ఎండాకాలానికి ముందు శిక్షణకు పంపారు. అడవి అంటుకుంటే హెలికాప్టర్ పెద్ద బకెట్ వేలాడదీసుకుని వచ్చి నీళ్ళు కుమ్మరిస్తుంది కదా, అప్పుడు కింద ఉన్నవాళ్ళు ఏం చేయాలి, ఎక్కడ నిలబడకూడదు అన్నది ఆ శిక్షణ. బొమ్మలూ వీడియోలూ చూపించి పంపేశారు. తిరిగొచ్చాక మా పై అధికారి, "నీకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు. కొండ కింద ఊళ్ళవాళ్ళకి నువ్వే నేర్పు" అన్నారు. ఆ విధంగా, హెలికాప్టర్‌ను ఆకాశంలో చుక్కలా తప్ప చూడనివాణ్ణి గురువునయ్యాను.

నాకు మొదట ఇచ్చిన ఊరు రామనగుడ దాటాక కొండను ఆనుకుని ఉంటుంది. మా ఆవిడ పుట్టిల్లు కూడా అదే. అడవి మంటల పనికి ఆడా మగా కలిసి ఓ ఇరవై మంది దాకా పేర్లిచ్చారు. మొదటి రోజు బడి మైదానానికి వెళ్ళేసరికి, పంచిన హెల్మెట్లను అందరూ ఇంకా ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటుంటే, ముందు వరుసలో ఒక మనిషి మాత్రం నెత్తిన పెట్టుకుని గడ్డం కింద పట్టీ కూడా బిగించేసుకున్నాడు. ఆయన మా మామగారు.

వాళ్ళ తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యవసాయం పెట్టుకున్న కుటుంబం వాళ్ళది. ఆయనకు మాట తక్కువ, మర్యాద ఎక్కువ. నేను గుమ్మంలో కాలు పెడితే చాలు, మంచం మీంచి లేచి నిలబడతారు.

"మీరేటి మావయ్యా, ఇక్కడ?" అన్నాను.

"నానూ పేరిచ్చేను అల్లుడుగోరు. కొండ మనది కాదేటి?"

సంగతి మా ఆవిడకు ముందే తెలుసట. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "సెప్తే మీరెల్తారా?" అంది.

ఈ పనిలో మాటలు పొట్టిగా ఉండాలి. వంగు. తప్పుకో. పడుకో. మిగతావాళ్ళకు బాగానే చెప్పుకొచ్చాను. ఆయన వంతు వచ్చేసరికి మాత్రం నా నోట్లోంచి "మావయ్యగారూ, తమరు కాస్త వంగండి" అని వచ్చింది. జట్టంతా నవ్వింది. వాళ్ళలో విస్తరాకులు కుట్టే ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ లేచి, "మాకు వంగు, ఆయనకి వంగండి ఏటి బాబూ? మంట మమ్మల్ని ఏరేగా కాలుస్తాదా?" అని అడిగింది.

న్యాయమైన మాటే. ఆ పూట నుంచి అందరికీ గారూ తమరూ మొదలైంది. ఒక్కో ఆజ్ఞా శుభలేఖంత పొడుగైంది. ఆ లెక్కన హెలికాప్టర్ నీళ్ళు పోసి, విశాఖపట్నం చేరి, పైలట్ కాఫీ తాగేశాక గాని మావాళ్ళు పక్కకు జరగరు.

ఆయన వైపు నుంచి కూడా ఇబ్బందే. తప్పుకునే వ్యవధి లేనప్పుడు ఏం చేయాలో చూపించాల్సి వచ్చింది. చేతిలోని పార పక్కకు విసిరేసి, హెల్మెట్ పట్టుకుని, హెలికాప్టర్ వచ్చే వైపు తల పెట్టి బోర్లా పడుకోవాలి. నేను పడుకోబోతుంటే మామగారు గబగబా వచ్చి భుజం మీది తువ్వాలు నేల మీద పరిచారు.

"మట్టిలో పడుకుంటారేటి? మా అమ్మికి ఏటని సెప్పాల?"

నిజం హెలికాప్టర్ ఎలాగూ లేదు. పొడుగాటి వెదురుగడ చివర ప్లాస్టిక్ బకెట్ కట్టి, బడి అరుగు మీంచి నేనే ఒంపేవాణ్ణి. చప్పుడు లేకపోతే ఉత్సాహంగా లేదని విస్తరాకుల పెద్దావిడ నోటితో బర్రుమని శబ్దం చేసేది. ఆవిడ హెలికాప్టర్ గుణుపురం పాత బస్సులా వినిపించేది. మధ్యలో గేరు కూడా మార్చేది.

వాళ్ళకు పదే పదే చెప్పింది ఒకటే. పైనుంచి పడే నీళ్ళు మంటను అణుస్తాయే గాని ఆర్పవు. అది వెళ్ళిపోయాక దగ్గరికెళ్ళి, నిప్పు కణికలు తిరగేసి, పూర్తిగా చల్లార్చేది మనమే. ఇది విని మామగారు హెల్మెట్ పట్టీ వదులు చేసుకున్నారు.

"అంటే సుట్టం లాగ వచ్చి తినేసి పోతాది. అంట్లు మనం తోమాల."

శిక్షణలో నాకు చెప్పినవాళ్ళు కూడా ఇంత తేలిగ్గా చెప్పలేదు. దాన్నే తర్వాత అన్ని ఊళ్ళలోనూ వాడుకున్నాను.

మర్యాదల చిక్కు విప్పింది మా ఆవిడ. ఇంటికొచ్చి మొత్తుకుంటుంటే, కూర తరుగుతూ తలెత్తకుండానే, "ఈల ఊదండి. ఈలకి గారు ఉండదు కదా" అంది. మర్నాడే అమలు పెట్టాను. రెండు పొట్టి ఈలలు వేస్తే పక్కకు పరుగు, ఒక పొడుగు ఈల వేస్తే బోర్లా పడుకోవడం. మామగారు ఎంత నిశ్చింతగా పడుకున్నారంటే, లేవమనడానికి ఇంకో ఈల కనిపెట్టాల్సి వచ్చింది.

ఇప్పపూలు రాలే రోజులొచ్చాయి. పూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఎండాకు తగలబెట్టడం ఇక్కడ మామూలే. అలా ఎవరో పెట్టిన అగ్గి కొండెక్కింది. మావాళ్ళు పొద్దుటి నుంచీ పచ్చికొమ్మలతో కొడుతున్నా పై వాలు దగ్గర ఆగలేదు. మధ్యాహ్నం హెలికాప్టర్ దొరికిందని కబురొచ్చింది. గాలి ఎటు వీస్తోందో పైలట్‌కు తెలియడానికి ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని మామగారు అప్పటికే కాలి నల్లబడిన చదునులో నిలబడ్డారు. నా చేతిలో వాకీటాకీ, మెడలో ఈల.

చప్పుడు వినగానే రెండు ఈలలు ఊదాను. జట్టంతా చెప్పినట్టే, ఒక్క తప్పు లేకుండా, కాలిన నేల మీదికి తప్పుకుంది. నేను మాత్రం తలెత్తి చూస్తూ ఉండిపోయాను. వీడియోలో బకెట్ బకెట్‌లాగే ఉంది. ఇక్కడ చూస్తే మా వంటిల్లంత ఉంది. అది ఊగుతూ, నీళ్ళు కారుతూ నా వైపే వస్తుంటే ఎంత బాగుందో అనుకున్నాను.

"ఒరే, తప్పుకోరా ఎదవా."

వెనక నుంచి చొక్కా పట్టి నన్ను లాగేశారు మామగారు. ఇద్దరం కలిసి బూడిదలో పడ్డాం. నేను నిలబడ్డ చోటుకు కొంచెం అవతల నీళ్ళు దభేలుమని పడి, ఒక ఎండుకొమ్మ విరిగి కిందికొచ్చింది. ఆవిరీ పొగా ఒక్కసారి కమ్మేశాయి. హెలికాప్టర్ ఇంకా నాలుగైదుసార్లు తిరిగి వెళ్ళిపోయింది.

పొద్దు వాలేదాకా మేం అంట్లు తోముతూనే ఉన్నాం. మామగారు నా మొహం చూడకుండా ఇంకో వాలులో పనిచేశారు. మంచినీళ్ళకు ఆగినప్పుడు దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నారు.

"అల్లుడుగోరు, ఇందాక నోరు జారింది."

"జారబట్టే బతికేను, మావయ్యా."

"మా అమ్మికి సెప్పకండి."

నేను చెప్పలేదు. విస్తరాకుల పెద్దావిడ ఫోన్ చేసి మరీ చెప్పింది, మా ఆవిడకే కాదు, తర్వాత సంతలో అందరికీ. ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ముందు నా చేతులూ వీపూ తడిమి చూసింది. దెబ్బలేం లేవని తేలాక, "నేను సిన్నప్పట్నుంచీ తిన్న తిట్టే. మీకిప్పుడందింది" అని స్నానానికి నీళ్ళు తోడింది.

కొండలో పై సగం పోయింది. కింది సగంలో ఇప్పచెట్లు మిగిలాయి.

మరుసటి ఏడు పక్క ఊరివాళ్ళు తమకూ నేర్పమని అడిగారు. నన్ను కాదు, మామగారిని. బండి మీద నేనే దిగబెట్టాను. హెలికాప్టర్ అటు పోబోతుంటే తాను గుడ్డ ఊపగానే ఇటు తిరిగిందనీ, పైలట్ కిందికి చూసి తలూపాడనీ ఆయన వాళ్ళకు చెబుతున్నారు. నేను వెనక వరుసలో కూర్చుని, నాకిచ్చిన టీ తాగుతూ, అందరితోపాటు తలూపాను.