పుంగనూరు డాక్టరు గారి కాఫీ

కరోనా సద్దుమణిగిన ఏడాది, పదవీ విరమణకు ముందు, నా హెడ్‌క్వార్టర్ మదనపల్లె. మెడికల్ రెప్‌ని. పుంగనూరు, కుప్పం కూడా నా పరిధిలోవే. అమ్మేది గ్యాస్ మాత్ర. నాకూ ఆ జబ్బే. పరగడుపున మాత్ర, అరగంట ఆగి టిఫిన్, దానిమీద అర గ్లాసు ఫిల్టర్ కాఫీ. ఆ కాఫీని కాపాడుకోవడానికి పడిన పాట్లు నా పెళ్లికి కూడా పడలేదు.

అప్పుడు హైదరాబాదు నుంచి కొత్త ఏరియా మేనేజరు జాయింట్ వర్క్‌కు, అంటే నా వెంట తిరిగి తప్పులు పట్టడానికి, దిగాడు. మెడలో టై, నోట్లో నీతులు. గ్యాస్ మాత్ర అమ్మేవాడు కాఫీ తాగితే కంపెనీ పరువు పోతుందట. డాక్టర్ల ముందు గ్లాసు ముట్టవద్దని హుకుం జారీ చేశాడు.

పుంగనూరులో మా మాత్రను ఎక్కువగా రాసే పెద్ద డాక్టరు గారు ఓపీ అయ్యాక రెప్‌లకు కాఫీ ఇప్పిస్తారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకానే మన మాట వింటారు. ఆయన రాయడం ఆపితే నా టార్గెట్ గంగపాలే. కాఫీ వచ్చింది. నేను చెయ్యి చాపేలోపే మేనేజరు అడ్డుపడి, కాఫీ మానేస్తే సగంమంది రోగులకు మంట దానంతటదే పోతుందని డాక్టరుకే పాఠం మొదలుపెట్టాడు.

డాక్టరు గారు నింపాదిగా విన్నారు. "అట్లయితే మీ మాత్ర నేను యాల రాయాలప్పా? కాఫీ మానమంటే సరిపాయె గదా" అన్నారు. నావైపు తిరిగి, "నువ్వు తాగప్పా, సల్లారిపోతాండాది" అన్నారు. తాగాను. అంత భయంలోనూ ఆ కాఫీ బ్రహ్మాండంగా ఉంది.

కుప్పం వెళ్తూ దారిలో మేనేజరు బిర్యానీ మీద మిరపకాయ బజ్జీలు లాగించాడు. లాడ్జిలో ఛాతీ పట్టుకుని మన శాంపిల్ ఒకటి ఇమ్మన్నాడు. పరగడుపున వేసుకోవాల్సిన మాత్రను పీకలదాకా తిని మింగాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

డాక్టరు గారు మా మాత్ర రాయడం మానేశారు. అందుకు నా కాఫీ అలవాటే కారణమని మేనేజరు మీటింగులో నిస్సిగ్గుగా చెప్పాడు.

తర్వాతి నెల ఒంటరిగా వెళ్లి కాఫీ తాగుతూ కూర్చున్నాను. "నీకూ మంట ఉండాది గదా, ఎట్ల తాగుతాండావప్పా?" అని డాక్టరు గారే అడిగారు. నా పద్ధతి చెప్పాను. మళ్లీ రాయడం మొదలుపెట్టారు.

రోగి మాత్ర కొనేది ఇష్టమైనది మానుకోవడానికి కాదు, మానకుండా బతకడానికి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అంతే. మేనేజర్ల ట్రైనింగులో ఇది చెప్పరు.