ఆలి నూనె సీసా

మా వైపు ముట్టయిన ఆడదాన్ని మూడు రోజులు కొట్టంలో కూర్చోబెట్టి, "బయట ఉండాది" అంటారు. నాలుగు గోడలు, పిడికిలంత కిటికీ. ఇంతకన్నా లోపల ఉండటం ఎలాగో నాకు ఈనాటికీ తెలియదు. ధర్మవరంలో మా అత్తగారింటి కొట్టం ఎంత ఇరుకంటే, ఆవులిస్తే పెదవులు గోడకు తగిలేవి. తలుపుకు గొళ్లెం లేదు. దాని అవసరమూ లేకపోయింది.

రెండో కాన్పు తర్వాత నాకు ఆ మూడు రోజులు పన్నెండయ్యాయి, తర్వాత పదిహేను. పట్టుపోగు ముట్టరాదు, బిడ్డను ఎత్తుకోరాదు. నెలలో సగం నేను బయట, అంటే లోపల.

మా ఆయన వాళ్లమ్మతో పోట్లాడి నన్ను హిందూపురం లేడీ డాక్టరు దగ్గరికి రైల్లో తీసుకుపోయాడు. దారిలో పెనుకొండ కొండ కనబడింది. అంత పెద్ద వస్తువు హాయిగా ఆరుబయట ఉందే అని కడుపు మండింది.

డాక్టరమ్మ నా కనురెప్ప లాగి చూసింది. "నెత్తురే లేదు గదమ్మా! రాగులు, ఆకుకూరలు తినాల. మలబద్ధకానికి అన్నంలో రోజుకొక చెంచా ఆలివ్ నూనె. సీసా అయిపోయేలోగా నెత్తురు పోయేది తగ్గకుంటే మళ్లీ రా, గర్భసంచి పరీక్ష చెయ్యాల" అంది.

ఇంటికొచ్చి చెబితే, మా అత్త చెవిలో ఆలివ్ కాస్తా ఆలి అయింది.

"ఆలి నూనెనా! పెండ్లాలకని వేరే నూనె తీస్తాండారా? యా గానుగలో?"

మేము కొనుక్కొచ్చిన సీసాను వంటింటి కిటికీలో దేవుడిలా నిలబెట్టింది. పరీక్ష మాటెత్తితే మాత్రం, "సీసాలో నూనె ఉండేదాకా యాడికీ పోయే పని లే" అని తేల్చేసింది.

ఇక నా విడుదల ఆ సీసా అడుగున ఉంది. అత్త దూరంగా నిలబడి నా పళ్లెంలో వంచే నూనె చీమ కన్నీటి బొట్టంత. ఆ లెక్కన నా మనవరాళ్లు సమర్తాడినా సీసా సగమే ఖాళీ అవుతుంది.

"ఇంకొంచెం పొయ్యి అత్తా."

"తలకు పోసుకుంటావా ఏమి? ఊరికే తిను."

మరుసటి నెల, కొట్టంలో పదకొండో రోజు. కొట్టం కిటికీలోంచి చూస్తే ఎదురుగా వంటింటి కిటికీలో సీసా అడుగున నాలుగు వేళ్ల నూనే మిగిలి ఉంది. బల్లి తాగిందా అనుకుంటుండగా మా అత్తే వచ్చి, అటూ ఇటూ చూసి, సీసా ఎత్తి గటగటా మింగింది.

"అత్తా!"

ఆమెకు పొలమారింది. ధర్మవరంలోని మగ్గాలన్నీ ఆగిపోయేంత దగ్గు. తర్వాత సీసాతో సహా వచ్చి కొట్టం గడప దగ్గర కూలబడింది.

"నేను మాత్రం ఆలిని గాదామ్మే? మీ మామ ఏమన్నా సన్యాసుల్లో కలిసినాడా?" అని, గొంతు తగ్గించింది. "మీ ఆయన పుట్టినప్పట్నుంచీ నాకు గర్భసంచి కిందికి జారినట్టుంటాది. నిలబడితే నొప్పి, కూచుంటే నొప్పి. ఎవురికి చెప్పుకునేది? పాతికేండ్లాయె."

నేను పదిహేను రోజులకే ఏడుస్తున్నాను.

"నూనెతో తగ్గిందా?"

"యాడ తగ్గేది! కడుపు మాత్రం రైలింజను మాదిరి పోతాంది."

సీసా వెలుతురుకెత్తి చూసింది. రెండు చెంచాల నూనె మిగిలుంది. ఒకటి తను తాగి, రెండోది నా చేతిలో వంచింది. వేళ్లు వేళ్లకు తగిలాయి. ఇద్దరమూ చూడనట్టే ఊరుకున్నాం.

"అయిపాయె. రేపు బండికి ఇద్దరం పోదాం. నువ్వు బయట ఉండావని రైల్లో ఎవురికీ చెప్పొద్దు" అంది.