దర్జీ అత్తయ్య కంప్యూటర్

దర్జీ అత్తయ్య బట్టనే కాదు, ఏ వస్తువునైనా వేళ్లతో తడిమి చూడందే కొనదు. ఎంబ్రాయిడరీ డిజైన్లు గీసుకునేందుకు కంప్యూటర్‌ను తనే బిగించుకోవాలని నెల రోజులుగా ఒక్కో భాగమే ఎంచుకుంటోంది. ఇక గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మిగిలింది. దాని కోసం అత్తయ్య చంటిపిల్లలా చంకనెత్తుకొచ్చిన క్యాబినెట్‌ను చూసి, "ఇందులో భేషుగ్గా పడుతుందమ్మా," అంటూ దుకాణదారు ఒక కార్డు చూపించాడు. ఆమె మెడలోని టేపు తీసి రెంటినీ కొలిచింది.

"అరంగుళం ఎక్కువుంది బాబూ. జాకెట్టయితే కుట్లు విప్పి వదులు చేస్తాను, ఈ ఇనప డబ్బానేం చెయ్యను?"

అతను తానూ కొలిచి నాలుక్కరుచుకుని, పొట్టి కార్డు తీసిచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం మరలన్నీ బిగించి మీట నొక్కగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది, తెర వెలిగింది. అత్తయ్య తెరను వేళ్లతో ఓసారి తడిమి చూసింది. తర్వాత వంటింట్లో ఉన్న వదినగారిని పిలిచి, "చేతులు తుడుచుకుని రా వదినా, నేను కుట్టిన కంప్యూటర్ చూద్దువుగాని," అంది.