బాపు ఎడమచేతి పట్టిక

మెదడు గురించి కొత్తగా ఏం కనుక్కున్నారో వెతికి చదవడం పదకొండు నెలలుగా నాకు రోజువారీ పని. సరదాకి మొదలుపెట్టలేదు. బాపుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మావాళ్లు బతుకుదెరువుకు వలసొచ్చిన ఈ నగరంలో, అడాజన్ అనే పేటలో ఒక స్కూల్లో పిల్లలకు సైన్సు చెబుతాను నేను. మా పాఠ్యపుస్తకంలో మెదడుకు ఒక బొమ్మ, ఒకటిన్నర పేజీ ఇచ్చారు. దాన్ని పట్టుకుని బాపును మాట్లాడించలేనని మొదటి వారంలోనే తెలిసిపోయింది.

పరిశోధన చదవడమంత ఒళ్లుమండే పని ఇంకోటి లేదు. శీర్షిక చదవనిస్తారు, ఆరు వాక్యాల సారాంశం చదవనిస్తారు, అంతే, తలుపేసి డాలర్లు అడుగుతారు. రోగులు తమ తలకాయలు ఊరికే ఇచ్చారు కదా, అందులో ఏముందో మాకు చెప్పడానికి ధరెందుకు? ఊరికే దొరికేవాటిలో సగం ఎలుకల మీద చేసినవే. ఆ ఎలుకే మర్నాడు వార్తల్లో మనిషైపోతుంది. మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆ వార్తతో పాటు జ్ఞాపకశక్తి లేహ్యం ప్రకటన కూడా పంపిస్తాడు.

అయినా చదివాను. ఊరవతల బట్టల మిల్లులుండే సచిన్ అనే చోట ముప్పై ఏళ్లు సాంచాలు నడిపిన మనిషి మా బాపు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. పన్నెండు గంటలు ఆ మోతలో నిలబడి నన్ను చదివించాడు. అమ్మనుగానీ నన్నుగానీ ఒక్కనాడూ ఆ మిల్లు లోపలికి తీసుకుపోలేదు. "ఆడోళ్లకు ఆడేం పని, దుమ్ము పీల్చనీకా?" అనేవాడు.

ఆరో నెలలో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆరు నెలల్లో వచ్చిందే లెక్క, ఇక రానిది రాదన్నాడు. కొత్తగా చదివినవాటిలో అలా గీత గీయడం లేదనీ, ఆలస్యంగానైనా కొంత తిరిగి రావచ్చంటున్నారనీ చెప్పాను. "మేడం, నెట్ డాక్టరీ ఇంట్లో చేసుకోండి" అన్నాడు హిందీలో, తల కూడా ఎత్తకుండా. మెట్లు దిగుతూ అమ్మ ముందే ఏడ్చాను. బాపుకు మాట రావాలి, ఉన్న సమయం వృథా కాకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

ఏడో నెలలో బాపు ఎడమచెయ్యి ఒక వింత పని మొదలుపెట్టింది. చూపుడువేలూ బొటనవేలూ కలిపి చటుక్కున విడదీసేవాడు. వెంటనే అరచేతిని గాలిలో కిందికి నొక్కేవాడు. మళ్లీ మళ్లీ అదే. పక్షవాతం తర్వాత కొందరికి తమకు తెలియకుండానే చేతులు ఆడతాయని చదివి ఉన్నాను. ఇంకేం, ఇదే అదనుకున్నాను. పరిశోధకులు చేసినట్టే నోట్‌బుక్‌లో పట్టిక గీశాను: తేదీ, టైము, ఎన్నిసార్లు, అంతకుముందు ఏం జరిగింది. రెండు వారాలు ఒక్కటి వదలకుండా రాశాను.

ఆ పట్టిక చూసి డాక్టరు మొదటిసారి నన్ను మెచ్చుకున్నాడు. చెయ్యి ఆడకుండా మాత్ర రాశాడు. ఆ రోజు గర్వంగా ఇంటికొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చెయ్యి నెమ్మదించింది. బాపు కూడా నెమ్మదించాడు. పొద్దున టిఫిన్ తిని పడుకుంటే సాయంత్రం దాకా మగతే. మాట పలికించే కసరత్తుకు కూర్చోబెడితే తల వాలిపోయేది. అమ్మ ఊరుకోలేదు.

"చదవేస్తే ఉన్న మతి పోయిందట. మనిషేమో పండుకునే ఉంటున్నడు, నువ్వేమో కాయితాలు నింపుతున్నవ్."

"నీకు తెల్వదు, ఊకోయే" అని కసిరాను.

పోయిన నెల కాక వచ్చాడు. సొంత కాక కాదు, పద్దెనిమిదేళ్లు బాపు పక్క సాంచా నడిపిన మనిషి. వారానికి ఒకటే సెలవు, ఆసుపత్రిలో చూశాక మళ్లీ ఇదే రావడం. ఆ సమయానికి నేను ఫోన్‌లో కసరత్తు వీడియో పెట్టి బాపు చేత "అ" అనిపిస్తున్నాను. మగతలోనే బాపు చెయ్యి లేచింది. వేళ్లు విడిపోయాయి, అరచెయ్యి కిందికి దిగింది.

"చూసినవా కాకా, ఇదే రోగం" అని నోట్‌బుక్ కోసం లేచాను.

కాక నా వైపు చూడలేదు. రెండు వేళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, అరచెయ్యి ఎత్తి ఆపాడు. బాపు నవ్వాడు. పది నెలల తర్వాత నవ్వాడు. ఇద్దరూ ఒక్క మాట లేకుండా చేతులతో చాలాసేపు ముచ్చట పెట్టుకున్నారు. అమ్మ చాయ్ కప్పులు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఏంది కాకా ఇది?" అన్నాను.

"ఏందంటవేంది బిడ్డా? సాంచల మోతల చెవుల అరిచినా ఇనవడదు. మేం గిట్లనే మాట్లాడుకుంటం. వేళ్లు గిట్ల తెంపితే పోగు తెగిందని. చెయ్యి కిందికంటే సాంచ ఆపుమని. తెగినంక నడిపితే బట్టంత ఖరాబైతది గద."

"మరి నువ్వేమన్నవ్?"

"ముడేస్తున్న, జర ఆగన్న."

అరికాలి మంట నెత్తికెక్కింది. షుగరుందా, బీపీ ఉందా, బీడీ తాగుతాడా అని అడిగిన డాక్టరు, ఏం పని చేసేవాడని ఒక్కసారి అడగలేదు. నేను చదివిన అన్ని పేజీల్లో సాంచా దగ్గర నిలబడ్డ మనిషి ఒక్కడూ తగల్లేదు. సరే, వాళ్లకంటే తెలియదు. ఆ చేతి కూడు తిని పెరిగిన నాకేమైంది? బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికాను.

మర్నాడే డాక్టరుకు చెప్పాను. "ఇంటరెస్టింగ్" అని, మాత్ర మెల్లగా తగ్గించమని రాసిచ్చి, తర్వాతి పేషెంటును పిలిచాడు. ఇప్పుడు బాపు పగలు మెలకువగా ఉంటున్నాడు. కాక సెలవునాడు వచ్చి నాకూ అమ్మకూ సైగలు నేర్పుతున్నాడు. నేనింకా చదువుతూనే ఉన్నాను, కాకపోతే బాపు చెయ్యి వైపు ఒక కన్నేసి.

మొన్న ఆ నోట్‌బుక్ చింపేద్దామని తెరిచాను. "అంతకుముందు ఏం జరిగింది" అన్న గడిలో దాదాపు ప్రతి వరుసలోనూ నా దస్తూరీతో ఒకటే ఉంది: నేను చదివి వినిపిస్తున్నాను, నేను కసరత్తు చేయిస్తున్నాను. పోగు తెగింది, ఆపు బిడ్డా అని బాపు అన్నిసార్లూ నాకే చెప్పాడు. ఆ మాటకు నేను రెండు నెలలు మాత్ర వేశాను.